కుక్క బేసిన్‌లో నీళ్ళు

బాన్సువాడ,
12 ఫిబ్రవరి 2024.

రాధక్కయ్యకు,

మొన్న తెరమీద నీ పేరు చూసి ఫోను ఎత్తాను. నువ్వు ఏం మాట్లాడావో నీకూ ఆ దేవుడికీ తెలియాలి. ముప్పై ఏళ్ళు రైసుమిల్లులో నిలబడ్డ చెవులు ఇవి. పక్కన నిలబడి ఎడమ చెవిలో అరిస్తే కొంత, పెదాలు చూస్తే కొంత, అంతే. మా అబ్బాయి సాయికిరణ్ హైదరాబాద్ నుంచి తెచ్చిన చెవిమిషను ఈల వేస్తుంది తప్ప మాట చెప్పదు. దాన్ని సొరుగులో పడేశాను. మెసేజీలు కొట్టమంటాడు. నా వేలు పడితే మూడు అక్షరాలు ఒకేసారి నలుగుతాయి. కాబట్టి ఇకముందు కూడా ఉత్తరాలే రాయి.

అసలు సంగతి మా కుక్క కర్ణుడి గురించి. నా చెవులు వాడే కదా. గేటు దగ్గర ఎవరు వచ్చినా లోపలికి పరుగెత్తుకొచ్చి నా కాలు గీరి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి చూపించేవాడు. మా ఆవిడ సుశీల ఊరికే పెట్టలేదు ఆ పేరు. ఆవిడ పోయాక ఈ మూడేళ్ళూ నేను ధైర్యంగా నిద్రపోయానంటే వాడి పుణ్యమే. నువ్వు డిసెంబరులో వచ్చి వెళ్ళావు కదా, అప్పుడు బాగానే ఉన్నాడు. ఈ నెలన్నరలో ఏదో జరిగింది. బేసిన్ నిండా పోస్తే గుక్క తిప్పుకోకుండా తాగేస్తాడు. ఇల్లంతా పాడుచేస్తున్నాడు. ఎంత పెట్టినా ఇంకా కావాలంటాడు. పొట్ట డప్పులా ఉబ్బింది, పక్కల బొచ్చు ఊడిపోతోంది. ఎవరు వచ్చినా లేవడు, పడుకుని రొప్పుతుంటాడు.

మొన్న గురువారం నేను వంటింట్లో పప్పు తిరగమోత వేసి వెనక్కి తిరిగితే కిషన్‌లాల్ నా వెనకే నిలబడి ఉన్నాడు! కాలువకు నీళ్ళు వదిలారని చెప్పడానికి వచ్చాడట. పదకొండేళ్ళుగా మన పొలం కౌలు చేస్తున్న మనిషే, కాదనను. కానీ వాకిట్లో పడుకున్న కర్ణుడు అతన్ని చూసి తోక ఊపాడే గాని నాకు చెప్పలేదు. వారం కిందట అతని భార్య చాంద్రి వాడికి జొన్నరొట్టె ముక్క పెట్టడం కళ్ళారా చూశాను. ఇంత ఆకలిగా ఉన్నవాడి పొట్ట ఎలా పెరుగుతోంది? నేను పెట్టేది నాకు తెలుసు. మరి మిగతాది ఎవరు పెడుతున్నారు? ఎందుకు?

నాకేదో తేడాగా ఉంది అక్కయ్యా. నువ్వేమంటావు?

నీ తమ్ముడు
వెంకట్రావు


కొల్లిపర,
21 ఫిబ్రవరి.

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. మొదట, కర్ణుడు కడుపుతో ఉన్నాడేమో అనుకున్నాను. మగవాడని తరవాత గుర్తొచ్చింది. నవ్వకు.

ఒరే, నువ్వు ఉత్త అమాయకుడివి. ఇల్లు గుల్ల చేసేవాడు ముందు కుక్కని మచ్చిక చేసుకుంటాడు. మీ బావగారి పిన్ని వాళ్ళింట్లో ఇలాగే పాలు పోసేవాడు రోజూ కుక్కకు బిస్కెట్లు వేసి వేసి, చివరికి బీరువా ఎత్తుకుపోయాడు. ఆ కుక్క వాడిని వీధి చివరిదాకా సాగనంపిందట! ఏళ్ళ తరబడి నమ్మకంగా ఉన్నాడంటావు. నమ్మకంగా ఉన్నవాడికే కదా లోపలి దారులు తెలిసేది? నాన్న భూమి కొని అక్కడికి వచ్చి నలభై ఏళ్ళయినా మనం వాళ్ళకు ఇంకా ఆంధ్రా వాళ్ళమే. ఆ సంగతి మరిచిపోకు.

నేను చెప్పినట్టు చెయ్యి. రాత్రి పడుకునేముందు వరండాలో ముగ్గుపిండి పలచగా చల్లు. కంటికి ఆనకూడదు సుమా. పొద్దున లేచి చూస్తే ఎవరు వచ్చిందీ ఆ పిండే చెబుతుంది. ఇంకోటి, వాడికి ఆ బేసిన్‌లతో నీళ్ళు పోయడం మానెయ్. తాగేకొద్దీ పోస్తాడు, అంతేగా. అన్నంతోపాటు పూటకో చిన్న గిన్నెడు చాలు. మా పెద్దాడు చిన్నప్పుడు పక్క తడుపుతుంటే నేను అలాగే మాన్పించాను.

నాకు ఆయాసం తగ్గింది. మాత్రలు మాత్రం వదల్లేదు. ఈ ఏడు మినుము బాగా వచ్చింది, వడియాలు పంపిస్తాను. తలుపు గడియ వేసుకుని పడుకో.

మీ అక్కయ్య
రాధాకుమారి


బాన్సువాడ,
10 మార్చి.

అక్కయ్యకు,

వడియాలు అందాయి. సగం పిండి అయ్యాయి గాని రుచి పోలేదు.

నువ్వు అన్నంత పనీ అయింది. నీళ్ళు తగ్గించాను. అయినా వాడు ఇల్లు తడపడం తగ్గలేదు. చిన్న గిన్నెడు తాగినవాడికి అంత ఎక్కడి నుంచి వస్తుంది? అనుమానం వచ్చి వరండాలో వాడి పెద్ద బేసిన్ ఖాళీగా పెట్టి, చుట్టూ ముగ్గుపిండి చల్లి పడుకున్నాను. పొద్దున తలుపు తీస్తే బేసిన్‌లో నీళ్ళున్నాయి! సగం అప్పటికే తాగేశాడు.

పిండిలో అడుగులు మెట్ల దగ్గర నుంచి బేసిన్ దాకా వచ్చాయి. అక్కడి నుంచి నేను పడుకునే గది కిటికీ దగ్గరకు వెళ్ళాయి. అక్కడ రెండు పాదాలూ పక్కపక్కన, లోపలికి తిరిగి ఉన్నాయి. నిలబడి చూశాడన్నమాట. తరవాత గేటు వైపు వెళ్ళిపోయాయి. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. గడ్డి కోసే మిషనులో కిషన్‌లాల్ కాలి వేలు పోయినప్పుడు దవాఖానకు తీసుకెళ్ళింది నేనే. ఆ పాదం ఎవరిదో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఉత్త నీళ్ళయితే దొంగచాటుగా ఎందుకు పోస్తాడు? ఏదో కలుపుతున్నాడు. వాసన చూశాను, ఏమీ లేదు. వాసన రాని మందులు లేవా? కుక్కని మత్తులో పెట్టి, కిటికీలోంచి నన్ను చూసి లెక్కలు వేసుకుంటున్నాడు. నేను నిద్రపోతుంటే తలుపు పగలగొట్టినా నాకు వినపడదు, అది అతనికి బాగా తెలుసు. నాన్న బతికిన ఇంట్లోనే పరాయివాడిలా భయపడుతూ తిరుగుతున్నాను.

అతన్ని పిలిచి అడిగేయనా?

వెంకట్రావు


కొల్లిపర,
19 మార్చి.

తమ్ముడూ,

చూశావా! కిటికీ దగ్గర నిలబడ్డాడన్న చోటు రెండుసార్లు చదివాను. మీ బావగారికి చదివి వినిపిస్తే ‘కుక్కకు నీళ్ళు పోస్తే నేరమా’ అన్నారు. ఆయనకు ఏదైనా ఆలస్యంగా తలకెక్కుతుంది, పట్టించుకోకు.

ఇప్పుడే అడగకు. బేసిన్ కూడా తియ్యకు, కనిపెట్టేస్తాడు; పొద్దున లేవగానే మిగిలిన నీళ్ళు పారబొయ్యి. దాళ్వా పంట చేతికి వచ్చేదాకా పెదవి విప్పకు. అడిగితే జాగ్రత్తపడతాడు, కోతల్లో పేచీ పెడతాడు. కోతలయ్యాక ఈ ఏడు కౌలు లేదని ఒక్క మాటతో తేల్చెయ్. కారణం చెప్పక్కర్లేదు. చెబితే ఏడుపులు, ఒట్లు, నువ్వు కరిగిపోతావు. నీ సంగతి నాకు తెలియదా?

పాపం ఆ కర్ణుడు. నేనున్న నెల్లాళ్ళూ నా కాళ్ళ దగ్గరే పడుకున్నాడు. పెరుగన్నం నా చేత్తో పెడితే తప్ప ముట్టలేదు. వాడికి మందు పెట్టడానికి చేతులు ఎలా వచ్చాయో!

రాధక్కయ్య


బాన్సువాడ,
6 మే.

అక్కయ్యకు,

యాసంగి వడ్లు అమ్మేశాం. కిషన్‌లాల్‌ని పిలిచి, వానాకాలం నుంచి పొలం ఏడుకొండలుకు ఇస్తున్నానని చెప్పాను. ఏడుకొండలు నీకు తెలుసు, మన వైపు నుంచి వచ్చినవాళ్ళే. కిషన్‌లాల్ కాసేపు నా మొహంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. తప్పు చేయనివాడు ఎందుకని అడగడా? ‘సరే అన్నా’ అన్నాడు. తరవాత, ‘కర్ణగానికి నీళ్ళు పోస్తున్నవా అన్నా?’ అన్నాడు. ఎంత ధైర్యం! నాకు ఒళ్ళు మండిపోయి మొహం తిప్పుకున్నాను. అతను ఇంకా ఏదో చెప్పాడు. పెదాలు చూస్తే గాని నాకు తెలియదని అతనికీ తెలుసు. నేను చూడలేదు.

ఆ రోజు నుంచి బేసిన్ ఎండిపోయే ఉంది. హమ్మయ్య, పీడ వదిలింది అనుకున్నాను. వారం తిరక్కుండానే కర్ణుడు కాళ్ళు చచ్చుబడినట్టు కూలబడ్డాడు. పక్కింటి నరేష్ కారులో వేసుకుని పశువుల దవాఖానకు పరుగెత్తాను. డాక్టర్ వినోద్‌కుమార్ వాడి చర్మం పట్టి లాగి, ‘ఇంతగా ఎండిపోయాడేంది’ అని సెలైన్ ఎక్కించాడు, ఇకమీదట రోజు విడిచి రోజు తెచ్చి ఎక్కించుకోమన్నాడు. పొట్ట, ఊడిన బొచ్చు చూసి నాకు కాగితం మీద ఒక ప్రశ్న రాసి చూపించాడు: ‘వీనికి ఎవరన్నా చాలా రోజులు స్టీరాయిడ్ మాత్రలు ఇచ్చిన్రా?’

నా అనుమానం నిజమైందని వేరే చెప్పాలా? మందు పడితే సరిగ్గా ఇలాగే అవుతుందట. లోపల గ్రంథిలో గడ్డ లేచినా ఇలాగే అవుతుందని కూడా అన్నాడు, హైదరాబాద్ తీసుకెళ్తే తేలుతుందట. గడ్డా లేదు, గాడిద గుడ్డూ లేదు. అయినా వెళ్తాను. మందు పెట్టారని పెద్ద డాక్టర్ల చేత అనిపించుకుని వచ్చి కిషన్‌లాల్‌ని నలుగురిలో నిలబెడతాను.

ఇంకొక మాట. కోపం తెచ్చుకోకు. స్టీరాయిడ్ అంటే ఏ మాత్రలని అడిగితే ఆయాసానికి వాడేవాటిలో కూడా ఉంటుందన్నాడు. నువ్వు వెళ్ళిన తరవాతే వాడికి ఇది మొదలైంది. నెల్లాళ్ళూ పెరుగన్నం నీ చేత్తోనే పెట్టావని నువ్వే రాశావు. వాడు అప్పుడప్పుడూ రొప్పాడని జాలిపడి రోజూ నీ మాత్రలు అందులో కలిపావా? అసలు మొదటి ఉత్తరం అందగానే కిషన్‌లాల్ మీద నువ్వు అంత తొందరగా వేలు చూపించడం ఇప్పుడు నాకు కొంచెం వింతగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయి. నేనేమీ అనను.

వెంకట్రావు


కొల్లిపర,
15 మే.

వెంకట్రావుకు,

నేనేమీ అననని రాశావు. ఇంతకన్నా ఏమంటావు?

నేను నీ కుక్కకు మందు పెట్టానా? అమ్మ పోతే నీకు జడ వేసినట్టు తల దువ్వి బడికి పంపినదాన్ని, నేనా? నేను మాత్రలు ఎప్పుడు వేసుకున్నానో, ఎక్కడ పెట్టుకున్నానో గుర్తు చేసుకుని రెండు రోజులుగా నాకు నేనే సాక్ష్యం చెప్పుకుంటున్నాను. ఒకటి కింద పడితే వాడు నాకేశాడేమో, పెరుగు గిన్నె పక్కనే డబ్బా పెట్టానేమో అని. ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. అయినా నాకే నమ్మకం పోతోంది. నువ్వు నన్ను ఆ గతికి తెచ్చావు.

మీ బావగారు ఉత్తరం చదివి, మడిచి నా చేతికిచ్చి పొలానికి వెళ్ళిపోయారు. అది ఇంకా ఘోరంగా ఉంది.

రాత్రంతా పడుకుని ఆలోచిస్తే ఆ కిషన్‌లాల్ గుర్తుకొచ్చాడు. సొంత అక్కని నేను. నా మీదే నీకు అనుమానం పుట్టిందంటే, అతని మీద పుట్టిన అనుమానానికి విలువెంత? ‘తప్పు చేయనివాడు ఎందుకని అడగడా’ అని రాశావు. నాకూ నిన్ను ఏమీ అడగాలని లేదు. మాట రావడం లేదు, అంతే. అతనికీ అలాగే అయిందేమో.

పిండి చల్లమన్నది నేను. కౌలు తీసెయ్యమన్నది నేను. హైదరాబాద్ వెళ్ళి నిజం తెలుసుకుని రాయి. అది నా మీదికి వచ్చినా సరే.

రాధాకుమారి


బాన్సువాడ,
2 జూన్.

అక్కయ్యకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్ను అడగకూడని మాట అడిగాను. నువ్వు ఏమీ చేయలేదు. ఎవరూ ఏమీ చేయలేదు.

హైదరాబాద్‌లో పెద్ద పశువుల ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాం. సాయికిరణ్ సెలవు పెట్టి మాతోనే ఉన్నాడు. కర్ణుడికి రక్తం తీశారు, ఇంజక్షన్ ఇచ్చి మళ్ళీ తీశారు, పొట్టకు స్కానింగ్ చేశారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, శ్రావ్య అని పేరు. నేను చెవిటివాణ్ణని తెలిసి బొమ్మ వేసి మరీ చెప్పింది. బయటి నుంచి మందు పడితే మూత్రపిండాల పైనున్న గ్రంథులు పని లేక ముడుచుకుపోతాయట. వీడికి రెండూ లావుగా ఉబ్బి ఉన్నాయి. అంటే వాటిని పని చెయ్యి, పని చెయ్యి అని పైనుంచి తరుముతున్నది ఇంకొకటి ఉంది. తలకు కూడా స్కానింగ్ తీశారు. మెదడు కింద పీయూష గ్రంథి అని ఒకటి ఉంటుందట. వీడి ఒంటికి శనగగింజంత కూడా ఉండదు. దాని మీద చిన్న గడ్డ లేచింది. దాహం, ఆకలి, పొట్ట, రొప్పు, బొచ్చు ఊడడం, అన్నీ దాని పనే. ముసలి కుక్కలకు, ఇలాంటి బొచ్చు కుక్కలకు, వస్తుంటుందట.

నేను నమ్మలేదు. మందు కాదు కదా అని ఆ పిల్లను నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి సాయికిరణ్ సిగ్గుతో తల దించుకున్నాడు.

రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతాడని అడిగింది. పూటకు చిన్న గిన్నెడే పోస్తున్నాను, మూడు నెలలుగా, అని గొప్పగా చెప్పాను. ఆ పిల్ల కలం ఆపేసింది. ఈ జబ్బులో ఒంట్లో నీళ్ళు నిలవవు, పోయినన్ని తాగకపోతే కుక్క బతకదు అని రాసింది. దాని కింద, ‘మరి ఇన్నాళ్ళు ఎలా బతికాడు?’ అని రాసింది.

ఎలా బతికాడో నాకు తెలుసు అక్కయ్యా. చిటికెన వేలు లేని పాదం రోజూ పొద్దున్నే వచ్చి నీళ్ళు పోసింది కాబట్టి బతికాడు. ఆ పాదాన్ని నేను ఇంటికి రానివ్వకుండా చేసిన వారానికే కూలబడ్డాడు, ఆ తరవాత సెలైన్ల మీదే లాక్కొచ్చాడు. ‘నీళ్ళు పోస్తున్నవా అన్నా’ అని అడిగితే నేను మొహం తిప్పుకున్నాను.

మాత్రలు రాసిచ్చారు, బతికినన్నాళ్ళూ వేయాలి. గడ్డ పోదు గాని బాధ తగ్గుతుందట. నాకు సిగ్గుగా ఉంది. నిన్ను అనుమానించినందుకు ఒకటి, అతన్ని వెళ్ళగొట్టినందుకు ఒకటి. ఏడుకొండలు అప్పుడే దుక్కి మొదలుపెట్టాడు.

వెంకట్రావు


కొల్లిపర,
11 జూన్.

తమ్ముడూ,

నీళ్ళు కట్టేయమన్నది నేనే. మా పెద్దాడి పక్కకూ మూగజీవి దాహానికీ ముడిపెట్టిన తెలివితక్కువదాన్ని. నీ ఉత్తరం చదువుతూ నేను మంచినీళ్ళు తాగబోయి గ్లాసు కింద పెట్టేశాను.

నా మీద కోపం సంగతి తరవాత చూద్దాం. అది ఎక్కడికీ పోదు, నువ్వు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను. ముందు కిషన్‌లాల్ వాళ్ళ తండాకు వెళ్ళు. సాయికిరణ్‌ని పంపకు, కబురు పెట్టకు. నువ్వే వెళ్ళు. అతను ఎంత అన్నా మొహం తిప్పకు. చివరిదాకా చూడు.

రాధక్కయ్య


బాన్సువాడ,
30 జూన్.

అక్కయ్యకు,

వెళ్ళాను. కర్ణుణ్ణి కూడా తీసుకెళ్ళాను. ఒక్కణ్ణీ వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. నరేష్ కారు తండా మొదట్లో ఆపితే అక్కడి నుంచి వాణ్ణి ఎత్తుకుని నడిచాను.

కిషన్‌లాల్ ఇంటి ముందు నాగలి కర్రు బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు. చాంద్రి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇవ్వడం వాళ్ళకు అలవాటు, వేరే ఏమీ కాదు. కానీ ఆ చెంబు ఎత్తడానికి నాకు చేయి రాలేదు. తరవాత ఒక గిన్నెలో కర్ణుడికీ పోసింది.

నా అనుమానమూ హైదరాబాద్ సంగతీ అంతా చెప్పాను. తప్పయిపోయిందన్నాను. అతను నా ఎదురుగా గొంతుక్కూర్చుని, నాకు కనిపించాలని నిదానంగా మాట్లాడాడు.

‘నువ్వు నీళ్ళు తక్కువ పోస్తున్నవని చూసిన అన్నా. చెప్తే కోపమైతవని, పొద్దుగాల పొలం పోయేటప్పుడు పోసి పోతుంటి. కర్ణగాడు లేస్తలేడు గద, నీకేమన్నయితే ఎవ్వలికి తెలుస్తది? అందుకే కిటికీలకెల్లి నీ దుప్పటి కదులుతుందా లేదా అని చూసి పోతుంటి. గంతే.’

పొలం మళ్ళీ నువ్వే చెయ్యి, ఏడుకొండలుకు నేను నచ్చజెప్పుకుంటాను అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. బిచ్కుంద దిక్కు వాళ్ళ బంధువు మోతీరాంతో కలిసి వేరే భూమి కౌలుకు తీసుకున్నాడట. అది ఒక్కటే అడ్డమైతే నేను ఇంకా బతిమాలేవాణ్ణి. అప్పుడు అతను ఒక మాట అడిగాడు.

‘గా డాక్టరమ్మ చెప్పకపోతే ఏం జేస్తుంటివన్నా?’

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగి, నా జవాబు కోసం చూశాడు. నువ్వు చెప్పావని నేను మొహం తిప్పుకోలేదు. కానీ నిన్ను నలుగురిలో నిలబెట్టేవాణ్ణి అని ఎలా చెప్పను? అతనే కర్ణుడి తల నిమిరి లేచాడు. నేను నీళ్ళు తాగేసి వచ్చేశాను.

కర్ణుడికి మందు పనిచేస్తోంది. బేసిన్ ఎప్పుడూ నిండుగా పెడుతున్నాను, వాడే ఇప్పుడు తక్కువ తాగుతున్నాడు. రొప్పు తగ్గింది. రాత్రి నేనే రెండుసార్లు లేచి వాడి పక్క కదులుతోందా లేదా చూసి పడుకుంటున్నాను.

నిన్న సాయంత్రం నేను పేపరు చదువుకుంటుంటే కర్ణుడు వచ్చి నా కాలు గీరాడు. ఆరు నెలల తరవాత! సంతోషం పట్టలేక చెప్పులు కూడా వేసుకోకుండా వాడి వెంట గేటు దాకా పరుగెత్తాను. గేటు దగ్గర ఎవరూ లేరు. కాలువ గట్టు మీద కిషన్‌లాల్ బండి మీద వెళ్తున్నాడు, వెనక చాంద్రి, నారుకట్టలు. మన ఇంటి ఎదురుగా కొంచెం నెమ్మదించాడు గాని ఆగలేదు. నేను చేయి ఎత్తాను. హారన్ కొట్టాడో లేదో నాకు తెలియదు. కర్ణుడి తోక మాత్రం చాలాసేపు ఊగింది.

నీ తమ్ముడు
వెంకట్రావు